సహస్ర గేటు నెమ్మదిగా ఎందుకు దిగుతుంది

2025 జనవరి. కార్ల్స్‌రూహెలో ట్రామ్ పట్టాలకు ఆనుకుని ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల. నేను అక్కడ చేరి అప్పటికి ఆరేళ్ళు. ఇలాంటి బడిని ఇక్కడ ఫ్రయె షూలె అంటారు. ప్రభుత్వ నిధులతో నడుస్తుంది కానీ పిల్లలకు ఎలా నేర్పాలో తనే నిర్ణయించుకుంటుంది. మా బడి కళలనూ సాంకేతికతనూ కలిపి నేర్పే దారి ఎంచుకుంది. బొమ్మలు వేసే గదికీ మోటార్లు తిప్పే గదికీ మధ్య గోడ కొట్టేసి ఒకే పెద్ద వర్క్‌షాప్ చేశారు. ఆ వర్క్‌షాప్ నాది. నాది అంటే, తాళంచెవులు నా దగ్గర ఉంటాయి.

నా ఉద్యోగానికి పెట్టిన పేరు మీడియా పెడగాగ్. అట్టముక్కలతో, కెమెరాతో, కంప్యూటర్‌తో పిల్లలు తమ ఆలోచనకు రూపం ఇచ్చుకుంటుంటే పక్కన తోడుండే మనిషి అని అర్థం. టీచర్‌ని కాను. మీటింగులో కుర్చీ ఇస్తారు, కాఫీ ఇస్తారు, ఓటు మాత్రం ఇవ్వరు. కరీంనగర్‌లో బీటెక్, ఇక్కడ మాస్టర్స్, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత ఈ పని. మా అమ్మను ఎవరైనా అడిగితే ఇప్పటికీ "మా సునీత పెద్ద కంప్యూటర్ కంపెనీల చేస్తది" అనే చెబుతుంది.

జర్మనీ చదువు గురించి ఒక సంగతి తెలియకపోతే ఈ కథలో నా కోపం అర్థం కాదు. ఇక్కడ నాలుగో తరగతి మధ్యలో, అంటే పిల్లకు తొమ్మిదో పదో ఏళ్ళు ఉన్నప్పుడు, టీచర్లు ఒక సిఫారసు పత్రం రాస్తారు. ఈ పిల్ల గిమ్నాజియుమ్‌కు వెళ్ళాలి, అంటే నేరుగా యూనివర్సిటీకి తీసుకెళ్ళే బడికి. లేదా మరో రకం బడికి. ఒక రాత పరీక్ష కూడా ఉంటుంది. పరీక్షలో కాస్త వెనకబడ్డ పిల్లకు ఇక టీచర్ల మాటే ఆధారం. తర్వాత దారి మారవచ్చు, అవకాశాలు ఉన్నాయి అంటారు. ఉన్నాయి, కాదనను. కానీ పాలపళ్ళు పూర్తిగా ఊడని పిల్ల మీద తీర్పు రాయడం నాకు ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మింగుడుపడలేదు.

సహస్ర నాలుగో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న శ్రీకాంత్ గారిది నరసరావుపేట. జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తారు. తెల్లారకముందే రైలెక్కి, చీకటి పడ్డాక దిగే మనిషి. సహస్ర తరగతిలో చెయ్యెత్తదు. అడిగితే సమాధానం చెబుతుంది, అడగకపోతే చెప్పదు. మన ఇళ్ళలో దాన్ని బుద్ధిమంతురాలు అంటారు. ఇక్కడి మార్కుల కాగితం మీద దాని పేరు "పాల్గొనదు". రాత పరీక్షలో లెక్కలు బాగా చేసింది కానీ జర్మన్ వ్యాసంలో జారింది. కాబట్టి సిఫారసు ఎటు మొగ్గితే ఆ పిల్ల అటే.

మా బడిలో నాలుగో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఒక సొంత పని చేసి జనవరి చివర ప్రదర్శనలో పెడతారు. టీచర్లు సిఫారసు రాసేటప్పుడు దాన్ని కూడా చూస్తారు. ఏం చేస్తావని అడిగితే సహస్ర "రైల్వే గేటు" అంది. వాళ్ళ ఇంటి దగ్గర ట్రామ్ పట్టాలు దాటే చోట ఒక గేటు ఉంది. నేను చేసిన మొదటి వెధవ పని ఇక్కడే. "నెమలి చేద్దామా, పురివిప్పే నెమలి?" అని అడిగాను. అట్టకు రంగులు బాగుంటాయని నా ఆశ. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి "నైన్, ఆంటీ. గేటు" అంది, వద్దు అని. అందరి ముందూ నన్ను సునీత అనే పిలుస్తుంది, పక్కన ఎవరూ లేనప్పుడే ఆంటీ.

ఆరు వారాలు చేసింది. పాస్తా డబ్బా అట్టతో గేటు కడ్డీ. దాన్ని ఎత్తి దించడానికి సర్వో, అంటే చెప్పినంత వరకే తిరిగి ఆగే చిన్న మోటారు. ట్రామ్ వస్తే పసిగట్టడానికి సెన్సర్. ప్రోగ్రామ్‌ను మా పిల్లలు బ్లాకులతో రాస్తారు. స్క్రీన్ మీద రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి పేర్చడమే. కడ్డీ రెండుసార్లు విరిగింది. ఎర్ర రంగు కారి తెల్ల చారల్లోకి పోయింది. జిగురు అంటి ఆ పిల్ల స్వెటర్ కుర్చీకి అతుక్కుపోయింది. చివరికి గేటు పనిచేసింది, కానీ మహా నెమ్మదిగా దిగేది. "కొంచెం స్పీడ్ పెంచుదామారా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మొండిది అనుకుని ఊరుకున్నాను. ఎందుకని మాత్రం అడగలేదు.

వర్క్‌షాప్‌కు ఒక నియమం ఉంది: చేస్తున్న పని ఇంటికి వెళ్ళదు. ప్రదర్శనకు రెండు వారాల ముందు, ఒక శుక్రవారం, సహస్ర నా చెయ్యి పట్టుకుని "మమ్మీకి చూపించి మండే తెస్తాను ఆంటీ, ప్రామిస్" అంది. ఆ పిల్ల నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నియమం నేనే రాశాను, నేనే తప్పాను. పాత బూట్ల డబ్బాలో పెట్టి ఇచ్చాను.

సోమవారం అదే డబ్బాలో వేరే గేటు వచ్చింది. ప్లాస్టిక్ కడ్డీ, త్రీడీ ప్రింటర్‌లో తీసింది. చారలు స్కేలు పెట్టినట్టు ఉన్నాయి. వైర్లన్నీ నల్లటి గొట్టంలో దూరి కనిపించకుండా పోయాయి. కంప్యూటర్‌కు తగిలించి చూస్తే బ్లాకులు లేవు. పేజీలకు పేజీలు కోడ్, పక్కన ఇంగ్లీషులో వివరణలు. సెన్సర్ ముందు చెయ్యి పెట్టగానే కడ్డీ ఠప్పున పడింది. సహస్ర నా వైపు చూడలేదు, తన బూట్ల వైపు చూస్తూ నిలబడింది.

నాకు క్షణంలో అర్థమైంది. అర్థం కాక ఎలా ఉంటుంది? ఏడో తరగతిలో నేను చేసిన వరంగల్ తోరణం థర్మాకోల్ మోడల్‌కు స్కూల్లో ఫస్ట్ ప్రైజు వచ్చింది. దాన్ని మా చిన్నమామ రెండు రోజులు కూర్చుని చెక్కాడు. నేను చేసిందల్లా ఆయనకు చాయ్ అందించడం. ఆ ప్రైజు స్టీలు గిన్నెలో మా అమ్మ ఇప్పటికీ ఉప్పు పోసుకుంటుంది. ప్రాజెక్ట్ వర్క్ అంటే మనకు పెద్దవాళ్ళ పని, పిల్లల పేరు. అందులో తప్పేమిటో మనలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఆ నిమిషాన క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాల్సింది. రెండో తరగతి పిల్లలు తలుపు దగ్గర గోల చేస్తున్నారు. తర్వాత చెబుదాంలే అని గేటును బల్ల మీదే వదిలి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి ఫ్రావ్ బ్రాండ్ట్ దాని ముందు నిలబడి ఉన్నారు.

ఆవిడ ఆ తరగతి టీచర్. ఇరవై ఏళ్ళ అనుభవం. స్క్రీన్ మీద వేలు పెట్టి సహస్రను అడుగుతున్నారు: "ఈ వరుస ఏం చేస్తుంది? ఇది? పోనీ ఇది?" సహస్ర నోరు విప్పలేదు. తనది కాని దాన్ని ఎలా చెబుతుంది? మా డాడీ చేశాడని టీచర్‌కు ఎలా చెబుతుంది? మన పిల్లలు తండ్రి మీద ఫిర్యాదు చేయరు. చెంప మీద కన్నీళ్ళు కారుతున్నా చేయరు. ఫ్రావ్ బ్రాండ్ట్ నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, నా వైపు తిరిగి చిన్నగా నవ్వి, "ఈ ఇండియన్ కుటుంబాల్లో ఎప్పుడూ ఇంతే కదా. ఇంట్లో వాళ్ళు చేసి పంపిస్తారు" అన్నారు.

నేనూ ఇండియన్‌నే, నా ముఖం మీదే అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ గేటు ఆరు వారాలుగా సహస్రే చేసిందని, నిన్నగాక మొన్న ఇంటికి వెళ్ళిందని చెప్పాను. "మీరు ఆ పిల్ల పట్ల మెత్తగా ఉండటం సహజం" అన్నారావిడ. గురువారం సిఫారసుల మీటింగ్. చిత్తు ప్రతి నేను ఆ మధ్యాహ్నమే చూశాను. మొదటి వాక్యం: సొంతంగా పనిచేయదు.

ఆ సాయంత్రం శ్రీకాంత్ గారికి ఫోన్ చేసి, మర్నాడు బడికి రమ్మన్నాను. ఇంటి నుంచి పనిచేసే రోజు కాబట్టి మధ్యాహ్నమే వచ్చారు. కొత్త గేటు మెచ్చుకోవడానికి పిలిచాననుకున్నట్టున్నారు, ముఖం వెలిగిపోతోంది.

"గేటు ఎవరు చేసిండ్రండీ?" అన్నాను.

"పాపేనండీ. నేను ఊరికే కాస్త ఫినిషింగ్ ఇచ్చానంతే."

"ఫినిషింగా? అండ్ల ఆ పిల్ల పెట్టిన అట్టముక్క ఒక్కటన్న మిగిలిందా?"

"అది మరీ వంకరటింకరగా ఉందండీ సునీత గారూ! అంత మంది జర్మన్‌లు చూస్తారు, అలా పెడితే మనకే కదా నామోషీ? శనివారం మధ్యాహ్నం కూర్చున్నవాణ్ణి ఆదివారం సాయంత్రానికి లేచాను. వీపు పట్టేసింది తెల్సా?"

"పాప ఏం జేసింది అప్పుడు?"

"చూస్తా కూర్చుంది."

"పాతది యాడున్నది?"

"పేపర్ చెత్తలో వేసేశాను. అదేంటండీ, మన ఊళ్ళో ప్రాజెక్ట్ వర్క్ అంటే ఇంటిల్లిపాదీ చేసేదే కదా. మీకు తెలీనట్టు మాట్లాడతారేంటి?"

తెలుసు కాబట్టే నాకు ఇంకా మండింది. ఉప్పు గిన్నె కళ్ళ ముందు కదిలింది. ఆయన మీద అరిచానని ఒప్పుకోవాలి. "మీరు రెండు దినాలు కష్టపడి మీ బిడ్డ పేరు మీద 'దీనికి సొంతంగ ఏం చేతగాదు' అని రాయించిండ్రు. గురువారం మీటింగుల గదే చదువుతరు" అన్నాను. ఆయన "నేను చేశానని చెబితే పాప మీద చీటింగ్ అని రాయరు కదండీ?" అన్నారు. ఏం రాస్తారో నాకూ తెలియదు. చెప్పకపోతే ఏం రాస్తారో మాత్రం తెలుసు అన్నాను. ఆయన కుర్చీలో కూలబడి, ఆఫీసుకు సెలవు పెడతానన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అదే తరగతిలో లేనా అనే పిల్ల ఒక దీపం చేసింది. దాని అతుకులు ఎంత నున్నగా ఉన్నాయంటే, నలభై ఏళ్ళు వర్క్‌షాప్‌లో పనిచేసిన చెయ్యి తప్ప అలా పెట్టలేదు. లేనా కూడా దాచలేదు, "ఓపా చేశాడు" అని పెద్దగా చెప్పింది. ఓపా అంటే తాత. ఫ్రావ్ బ్రాండ్ట్ దాని కింద రాశారు: "తరాల మధ్య చక్కటి సహకారం." అంటే ఓపా చేస్తే సహకారం, డాడీ చేస్తే ఇండియన్ కుటుంబాల అలవాటు. లేనాకు గిమ్నాజియుమ్ రాశారు, సంతోషం, మంచి పిల్ల. కానీ ఒకే తప్పుకు రెండు పేర్లు పెట్టిన చెయ్యిని నేను ఎలా గౌరవించాలి?

గురువారం మీటింగులో సహస్ర పేరు రాగానే నేను చెయ్యెత్తాను. ఓటు లేని వాళ్ళు మాట్లాడటం అక్కడ అలవాటు లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదు కాబట్టి అడిగాను: తండ్రి బయట కూర్చున్నారు, పిల్ల ఉంది, పది నిమిషాలు ఇవ్వండి. హెడ్మాస్టర్ గడియారం చూసి, ఫ్రావ్ బ్రాండ్ట్‌ను చూసి, సరే అన్నారు. తర్వాత నేను లేనా దీపం మాట ఎత్తాను. ఆ పిల్లను తప్పుపట్టడానికి కాదని ముందే చెప్పాను. "ఆ రెండూ ఒకటి కావు" అన్నారు ఫ్రావ్ బ్రాండ్ట్. ఎలా కావో చెప్పమన్నాను. ఆవిడ కాగితాలు సర్దుకున్నారు.

శ్రీకాంత్ గారు లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, తనకు వచ్చిన కొద్దిపాటి జర్మన్‌లో చెప్పారు: "ఈ గేటు నాది. నా కూతురు గేటు నేను పారేశాను. తప్పు నాది." పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరు, కూతురు చూస్తుండగా, పరాయి భాషలో, పదాలు వెతుక్కుంటూ ఆ మాట అనడం నేను మర్చిపోలేను. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

నేను సహస్ర వర్క్‌షాప్ డైరీ తెరిచి బల్ల మీద పెట్టాను. మా పిల్లలు ఏ రోజు ఏం చెడిందో బొమ్మలతో రాసుకునే పుస్తకం అది, బడి దాటి పోదు. విరిగిన కడ్డీ, కారిన రంగు, పేర్చిన బ్లాకులు, అన్నీ ఉన్నాయి. ఒక పేజీలో "మరీ వేగం!" అని రాసి, పక్కన చక్రాల బండి తోస్తున్న మనిషి బొమ్మ వేసి ఉంది. అది నేను ముందే చూశాను. పిల్లల బండి తోసే అమ్మ అనుకున్నాను.

హెడ్మాస్టర్ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, "ఈ గేటూ నీ గేటూ ఒకటేనా సహస్రా?" అని అడిగారు. మొదటిసారి ఒకరు ఆ పిల్లను సరైన ప్రశ్న అడిగారు.

సహస్ర జర్మన్‌లో, చిన్న గొంతుతో, ఆపకుండా చెప్పింది. "ఒకటి కాదు. డాడీ గేటు ఠప్పున పడుతుంది. మా వీధిలో ఒక ఓమా ఉంది, రోలేటర్ తోసుకుంటూ నడుస్తుంది. ఆవిడ సగం దాటేసరికి గంట మోగుతుంది, భయపడుతుంది. అందుకే నాది ఆగి ఆగి దిగుతుంది. ముందు కొంచెం, తర్వాత ఒక సెకను ఆగి, ఇంకొంచెం. మొత్తం పద్నాలుగు మెట్లు. ఓమా ఎన్ని అడుగులు వేస్తుందో మూడు రోజులు లెక్కపెట్టాను." తర్వాత తండ్రి వైపు తిరిగి తెలుగులో అంది: "నీది ఫాస్ట్ డాడీ. కానీ ఓమా మీద పడుతుంది."

ఓమా అంటే అవ్వ. రోలేటర్ అంటే ముసలివాళ్ళు ఆసరాగా తోసుకుని నడిచే చక్రాల బండి. బొమ్మలో ఉన్నది అదే. ఆరు వారాలు పక్కన కూర్చున్నదాన్ని, స్పీడ్ పెంచుదామన్నదాన్ని, నాకు ఆ మాట మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది. శ్రీకాంత్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

"సొంతంగా పనిచేయదు" అన్న వాక్యం కొట్టేశారు. గిమ్నాజియుమ్‌కు సిఫారసు రాశారు. ఫ్రావ్ బ్రాండ్ట్ పెన్ను మూత పెడుతూ "అయితే తేలిపోయింది కదా" అన్నారు. అంతే. పిల్లకు క్షమాపణ చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు, ఆ ఏడాది గడిచేలోగా చెప్పలేదు. తండ్రి తన తప్పు అందరి ముందూ నిలబడి ఒప్పుకున్న గదిలోనే ఆవిడ కూర్చుని ఉన్నారు. ఈ వాక్యం రాస్తుంటే కూడా నాకు కోపం తగ్గలేదు, తగ్గాలని కోరిక కూడా లేదు.

ప్రదర్శనకు ఇంకా వారం ఉంది. సహస్ర గేటు మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి కార్న్‌ఫ్లేక్స్ డబ్బాతో. శ్రీకాంత్ గారు రెండు రోజులు పని ముగించుకుని వర్క్‌షాప్‌కు వచ్చారు. ఆయన చేతులు ఊరుకోవు కదా, కడ్డీ వంకరగా అతుకుతుంటే ముందుకు వచ్చేవి. "డాడీ, హెండె వెగ్!" అని సహస్ర గద్దించేది, చేతులు తియ్యి అని. ఆయన వెంటనే చేతులు చంకల్లో దోపుకునేవారు. చివరికి ఆయనకు ఒక ఉద్యోగం ఇచ్చింది: జిగురు సీసా పట్టుకోవడం.

నేను నా వంతు పని ఒకటి చేశాను. ప్రదర్శనలో ప్రతి వస్తువు కింద పిల్ల పేరు, వయసు రాసిన చీటీ ఉంటుంది. మూడో వరుస కలపాలని పట్టుబట్టాను: ఎవరు సహాయం చేశారు, ఏం చేశారు. అందరికీ, ఒక్క పేరూ మినహాయింపు లేకుండా. హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు. చీటీలు పిల్లలే నింపారు, పిల్లలు అబద్ధం రాయలేదు. ఓపా: అతుకులన్నీ. మమ్మా: కుట్టుపని, రంగు. ఒక చీటీ మీద "అంకుల్: దాదాపు అంతా" అని ఉంది. ఇండియన్ కుటుంబాలు ఆ తరగతిలో ఒకటే. సహాయం వరుస నిండిన చీటీలు సగానికి పైనే.

ప్రదర్శన రోజు సహస్ర బల్ల మీద ఒకటి కాదు, రెండు గేట్లు ఉన్నాయి. తండ్రి చేసిన ప్లాస్టిక్ గేటు కూడా పెట్టాలని తనే అడిగింది. ఠప్పున పడే గేటు చుట్టూ పిల్లలు మూగారు. వంకర గేటు ముందు ఒక పెద్దాయన నిలబడి, ఇదేమిటి ఇంకా దిగుతూనే ఉంది అని తనలో తనే అనుకున్నాడు. సహస్ర ఆయన ముఖంలోకి సూటిగా చూసి "మీరు కొంచెం ఆగాలి" అంది. ఆ పిల్ల ఎవరూ అడగకుండానే ఒక పెద్ద మనిషితో మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత నేను పనిచేసే పద్ధతి మారింది. పిల్ల చేసినదాంట్లో ఏదైనా వంకరగా, నెమ్మదిగా, నా బుర్రకు ఎక్కకుండా కనిపిస్తే దిద్దడానికి ముందు "ఇలా ఎందుకు?" అని అడుగుతాను. ఎంత తొందరలో ఉన్నా అడుగుతాను. నాలుగింట మూడుసార్లు కారణమేమీ ఉండదు, జిగురు సరిగా అంటలేదంతే. నాలుగోసారి కోసం అడుగుతాను.

వర్క్‌షాప్ అలమరాలో ఆ రెండు చీటీలు ఇప్పటికీ ఉన్నాయి. రెండూ సహస్ర చేతిరాతే. ఒకదాని మీద ఇలా ఉంది: "పేరు: సహస్ర. వయసు: తొమ్మిది. సహాయం: డాడీ, జిగురు పట్టుకున్నాడు." రెండోదాని మీద: "పేరు: డాడీ. వయసు: నలభై ఒకటి. సహాయం: ఎవరూ చేయలేదు. ఎవరినీ అడగలేదు."